అక్క చేతికి రాని నలభై చీటీలు

నా దస్తూరీ బాగుంటుంది. ఈ మాట నా నోటితో నేనే చెప్పుకోవడానికి మొహమాటపడను, ఎందుకంటే ఊరంతా చెబుతుంది. నేను తెలుగు టీచర్ని. విడవలూరు మండలంలో పనిచేసిన ప్రతి హైస్కూల్లోనూ నల్లబల్ల మీద రోజుకో మంచిమాట రాసే పని నాకే పడింది. ఊళ్లో శుభలేఖల మీద పేర్లు రాయాలన్నా, వినాయక చవితి పందిరికి అట్టబోర్డు రాయాలన్నా, అన్నదమ్ములు వేరుపడితే కాగితం రాయాలన్నా మా ఇంటికే వస్తారు. చర్చివాళ్లు కూడా వస్తారు. రెండేళ్ల కిందట నేను చేసిన తప్పుకు మూలం ఆ దస్తూరీయే.

మా ఊరి చర్చి చిన్నది, రేకుల కప్పు. మొత్తం కలిపి నూట నలభై మంది ఉంటారేమో. వాళ్లకొక ఆచారం ఉంది. జనవరి ఒకటో తేదీ పొద్దున ఆరాధన అయ్యాక తెల్లగుడ్డ కప్పిన పళ్లెం ఒకటి తెస్తారు. అందులో చుట్టి దారం కట్టిన చీటీలుంటాయి. ఒక్కొక్కరు లేచి వచ్చి, గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి, ఒక చీటీ తీసుకుని, అందరికీ వినబడేలా చదవాలి. అందులో వాళ్ల గ్రంథంలోని వాక్యం ఒకటి ఉంటుంది. ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికి ఇచ్చిన మాట అదే. వాగ్దానం అంటారు. దాన్ని కొందరు గుమ్మానికి అంటిస్తారు, కొందరు సెల్‌ఫోను కవరులో పెట్టుకుంటారు, బియ్యం డబ్బా మూత లోపల అంటించినవాళ్లను కూడా నేను చూశాను.

ఒకప్పుడు అచ్చు వేసిన కార్డులు నెల్లూరు నుంచి తెచ్చేవాళ్లు. అక్షరాలు చీమతలకాయలంత ఉంటే ముసలివాళ్లు చదవలేక అవస్థ పడుతున్నారని, పెద్ద పెద్ద అక్షరాలతో చేత్తో రాయించాలని అక్కడి పాస్టరుగారికి తోచింది. అందరూ ఆయన్ను అయ్యగారు అంటారు. ఆయన్ను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది అక్క.

అక్క నాకు చుట్టం కాదు. మా వెనక వీధిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒక్క కూతురు, మనుబోలులో కాపురం. తాతల నాటి నుంచీ క్రైస్తవులు. నేనేమో బోగోలు వైపు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చిన రైతింటి ఆడపిల్లను. ఇల్లంతా పటాలు, ఏడాదంతా పూజలు. కొలత జాకెట్టు ఇచ్చి వద్దామని వెళ్లి, దేవుడి మీద రెండు గంటలు వాదించి, జాకెట్టు సంచిలోనే పెట్టుకుని తిరిగొచ్చిన రోజులు నాకు చాలా ఉన్నాయి.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు దేవుడి మీద కోపం లేదు, భయమూ లేదు. సాయంత్రం దీపం పెడతాను, పెట్టకపోతే ఇల్లు చీకటిగా ఉన్నట్టు ఉంటుంది. ఆయన ఉంటే మంచిదే. కానీ కూర్చుని నా గురించి ఆలోచిస్తాడని, నాకు కబురు పంపిస్తాడని మాత్రం నమ్మను. అక్క నమ్ముతుంది. పొద్దున మిషను మీద గుడ్డ తీసేముందు గ్రంథం తెరుస్తుంది. ఆ రోజు ఆయన ఏం చెప్పాడో నాకు చెబుతుంది, పక్కింటాయన చెప్పిన మాట చెప్పినంత మామూలుగా.

మీకు ఇంతమంది దేవుళ్లెందుకు అని ఆమె మొదలుపెట్టేది. మీ గ్రంథంలో ఆ ఒక్కడే ఒకచోట ఊళ్లకు ఊళ్లు తగలబెడతాడు, ఇంకోచోట రెండో చెంప చూపించమంటాడు, మీకు ఒక్కడిలోనే అంతమంది ఉన్నారు, మాకు విడివిడిగా ఉన్నారు, అంతే తేడా అని నేను అనేదాన్ని. అక్క దారం పంటితో కొరికి, సూది జాకెట్టుకు గుచ్చి, "పొద్దున కొట్టిన అమ్మే సందేళ అన్నం పెడతాది. ఇద్దరమ్మలంటావా?" అంది ఒకసారి. ఇంటికొచ్చి చేతులు కడుక్కునేసరికి మూడు జవాబులు తోచాయి.

అక్క ప్రసాదం తినదు. విగ్రహం ముందు పెట్టింది తినకూడదని వాళ్ల పట్టు. కానీ మా ఇంటి పులిహోర అంటే ప్రాణం. నైవేద్యానికి ముందే తన వాటా తీసి పక్కన పెట్టమనేది. దేవుడికి పెట్టకముందే ఇంకొకరికి తీస్తే అది ఎంగిలి అవుతుందని మా అత్తగారు ఒప్పుకునేది కాదు. చివరికి శ్రావణ శుక్రవారాల్లో మా ఇంట్లో రెండు గిన్నెల్లో పులిహోర కలపడం మొదలైంది, ఒకటి అమ్మవారికి, ఒకటి అక్కకి. అక్క గిన్నెలోనే వేరుశెనగ పప్పులు ఎక్కువ పడేవి. ఆ సంగతి అమ్మవారికి తెలుసు, మా అత్తగారికి తెలియదు.

చీటీలు రాసే మొదటి ఏడాది గ్రంథంలో గుర్తులు పెట్టుకుని నా పక్కన కూర్చుని అక్కే వాక్యాలు చదివింది. అన్నీ చల్లని మాటలే. కాపాడతాను, నడిపిస్తాను, విడిచిపెట్టను. మీ దేవుడు తిట్టిన తిట్లు కూడా ఉన్నాయిగా, అవెక్కడ అని అడిగాను. కొత్త సంవత్సరం పూట ఎవరన్నా తిట్లు తీసుకుంటారా అని నవ్వింది. మా పంచాంగమే నయం, ఉగాది నాడు మొహం మీదే రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని రెండూ చదువుతారు అన్నాను. "అందుకే ఉగాది పచ్చడి తిన్న మొహాలు పెడతారు మీరు" అంది. తరవాతి ఏళ్లలో గుర్తులు పెట్టిన గ్రంథం నా దగ్గర వదిలేసి వెళ్లేది. నేను రాత్రి భోజనాలకు ముందు కొన్ని, సెలవు రోజున కొన్ని రాసి, ఆమె ఇచ్చిన రంగురంగుల మిషను దారాలతో కట్టేసేదాన్ని. కట్టాక ఎవరూ విప్పి చూడరు. చూడకూడదు.

రెండేళ్ల కిందట కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం కొలతలు తీస్తూ తీస్తూ అక్క టేపు మెడలోంచి తీసి మిషను మీద పెట్టింది. తలుపు దగ్గరగా వేసి, నా చెయ్యి పట్టుకుని తన ఎడమ రొమ్ము మీద పెట్టింది. "ఈడ చూడు. గట్టిగా తగల్తా ఉండాది" అంది. తగిలింది. రేగుపండు గింజంత. ఊళ్లో ఆడవాళ్లందరి కొలతలు తెలిసిన మనిషి తన కొలత ఎవరికి చెప్పాలో తెలియక ఎన్ని వారాలు ఊరుకుందో నేను అడగలేదు.

మర్నాడే సెలవు పెట్టి నెల్లూరు తీసుకెళ్లాను. సూదితో తీసి పరీక్షకు పంపారు. వారం తరవాత మళ్లీ వెళితే డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. మంచి గడ్డ కాదు. కానీ చిన్నగా ఉండగానే దొరికింది, వెంటనే ఆపరేషన్ చేస్తే బయటపడతారు, ఆలస్యం చేస్తే నేను మాట ఇవ్వలేను అంది. ఆ రోజు వరండాలో కూర్చున్నప్పుడు అక్క తన చిన్నతనం సంగతి ఏదో చెప్పింది. వాళ్లమ్మకు కడుపులో ఆపరేషన్ అని ఇలాగే పెద్దాసుపత్రికి తెచ్చారట, తిరిగి ఇంటికి తెచ్చినప్పుడు గుడ్డ కప్పి తెచ్చారట. నేను రిపోర్టు చదువుతూ ఊఁ కొట్టాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. వాన వెలిసి పొలాల్లో నాట్లు వేస్తున్నారు. విడవలూరు దగ్గరపడింది. అప్పుడు చెప్పింది.

"జనవరి ఒకటి దాకా ఆగుతా. వాగ్దానం రానీ. ఆయన ఏం చెప్తే అది చేస్తా."

ఇంకా నాలుగు వారాలుంది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. బస్సులో అందరూ చూస్తున్నా లెక్కచేయకుండా, ఆ చీటీలు రాసేది నేనే కదా, కత్తిరించిన కాగితాలు మా అలమరలోనే ఉన్నాయి కదా, నా అలమరలో ఉన్న కాగితం నీ ప్రాణం సంగతి తేలుస్తుందా అని అరిచాను. అక్క అరవలేదు. "రాసేది నువ్వే. చెప్పేది నువ్వు కాదు గదా" అంది.

ఆ తరవాత నేను చెయ్యని ప్రయత్నం లేదు. మనుబోలు ఫోను చేస్తే కూతురు వచ్చి, ఏడ్చి, కోడి కూర వండిపెట్టి, వెళ్లిపోయింది. అయ్యగారికి చెప్పాను. ఆయన మంచివాడు. డాక్టరు చెయ్యి కూడా దేవుడిచ్చిందే తల్లీ, వెళ్లు అని ఆమెకు నచ్చజెప్పాడు. దేవుడి మాట కోసం కనిపెట్టుకుని ఉండమని ఇన్నేళ్లూ ఆదివారం ఆదివారం చెప్పింది మీరే కదా అయ్యా అని ఆమె అడిగితే ఆయన ప్రార్థన చేసి లేచి వెళ్లాడు. మా అత్తగారు తనకు తెలిసిన దారిలో అమ్మవారికి మొక్కుకుంది. ఆ సంగతి అక్కకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది.

అప్పుడే నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

మా పుట్టింటి వైపు పూలు పెట్టి అడగడం ఉంది. ఏదన్నా పని చేయాలా వద్దా అని తేల్చుకోలేకపోతే, ఒక తమలపాకులో తెల్లపువ్వు, ఇంకో ఆకులో ఎర్రపువ్వు పెట్టి మడిచి అమ్మవారి ముందు పెడతారు. కళ్లు మూసుకుని ఒకటి తీయాలి. తెల్లది వస్తే సరే, ఎర్రది వస్తే వద్దు. నేను నెల్లూరులో ఉండి టీచరు ట్రైనింగ్ చదువుతానంటే మా నాయనమ్మ ఆడపిల్లను హాస్టల్లో పెట్టడం కుదరదని భీష్మించుకుంది. అమ్మవారిని అడుగుదాం అంది. ఆకులు మడిచింది మా అమ్మ. నాయనమ్మ తీసిన ఆకులో తెల్లనందివర్ధనం వచ్చింది. అమ్మవారే చెప్పాక నాయనమ్మ ఇంకేం మాట్లాడుతుంది, నా పెట్టె తనే సర్దింది. నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక ఒకరోజు తలకు నూనె రాస్తూ మా అమ్మ చెప్పింది, రెండు ఆకుల్లోనూ తెల్లపూలే పెట్టానని. పాపం కాదా అని అడిగితే, అమ్మవారికి అభ్యంతరం ఉంటే నా చెయ్యి పట్టుకునేది కదా అంది.

నా జీవితమే ఆ రెండో తెల్లపువ్వు మీద నిలబడి ఉంది. అలాంటిదాన్ని నేను వెనకాడతానా?

అక్క వదిలి వెళ్లిన గ్రంథం ముందేసుకుని కూర్చున్నాను. వెళ్లి కోయించుకో అనే వాక్యం ఏ గ్రంథంలో ఉంటుంది! రెండు సాయంత్రాలు వెతికితే ఒకటి దొరికింది. వాళ్ల ప్రభువు ఊళ్లో చెడ్డపేరున్న మనుషులతో కూర్చుని భోంచేస్తుంటే పెద్దలు తప్పుపడతారు. అప్పుడాయన, ఒంట్లో బాగున్నవాళ్లకు వైద్యుడెందుకు, జబ్బు ఉన్నవాళ్లకే కావాలి అంటాడు. ఆ వెంటనే అసలు మాట చెబుతాడు, నేను వచ్చింది తప్పు చేసినవాళ్ల కోసమేనని. అక్కడ వైద్యుడు ఊరికే పోలికకు వచ్చాడు. ఆ రెండో సగం నేను వదిలేశాను. సందర్భసహిత వ్యాఖ్య రాయమని ముప్పై ఏళ్లుగా పిల్లల ప్రాణాలు తోడేసే తెలుగు టీచర్ని, సందర్భాన్ని కత్తిరించి పక్కన పడేశాను.

ఒక చీటీ రాస్తే అది అక్క చేతికే వస్తుందని నమ్మకమేమిటి? నలభై రాశాను. నలభై చీటీల్లోనూ అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా, కళ్లకు అద్దుకునేలా రాశాను. మిగిలిన వంద ఆమె గుర్తు పెట్టిన వాక్యాలే, కానీ మనసు వాటి మీద లేక గబగబా గీకి పడేశాను. అన్నీ కలిపి దారాలు కట్టాను. తప్పు చేస్తున్నానని నాకు అనిపించలేదు. దేవుడు చెయ్యాల్సిన పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా అనిపించింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

జనవరి ఒకటిన నేనూ చర్చికి వెళ్లి ఆడవాళ్ల వైపు చివరి చాప మీద కూర్చున్నాను. అక్క ముందు వరసలో ఉంది, తెల్లచీర, తల మీద కొంగు. పళ్లెం వచ్చింది. మొదట రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే ఒక పెద్దాయన లేచి చీటీ తీసి చదివాడు. జబ్బు ఉన్నవాళ్లకే వైద్యుడు కావాలి. చదివి, వెనక్కి తిప్పి చూసి, ఇంకేమీ లేకపోతే వెళ్లి కూర్చున్నాడు. రెండో మనిషికి కాపుదల వచ్చింది. మూడో మనిషికి వైద్యుడు. నాలుగో మనిషికి వైద్యుడు. అప్పుడు కొందరు నవ్వారు. పెళ్లయి మూడు నెలలైన ఒక అమ్మాయికి వైద్యుడు వచ్చేసరికి వాళ్లత్త మొహం వెలిగింది. షుగరు ఉండీ దొంగతనంగా లడ్లు తినే ఒకాయనకు అదే వచ్చింది, ఆయన చీటీ పట్టుకుని అక్కడే తలవంచుకుని నిలబడ్డాడు. పదో వైద్యుడికి నవ్వులు ఆగిపోయాయి. ఊళ్లోకి ఏ రోగం రాబోతోందోనని ఆడవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు.

లెక్క తెలిసిన మనిషినే. నూట నలభైలో నలభై అంటే ఎంతమందికి వస్తుందో ముందే తెలియాలి. కానీ నేను రాసేటప్పుడు నా కళ్ల ముందు ఒక్క చెయ్యే ఉంది. మిగిలిన చేతులు నాకు కనపడలేదు.

అయ్యగారు ఒక చీటీ అడిగి తీసుకుని చూశారు. తరవాత తలెత్తి చివరి చాప వైపు చూశారు. "మిగతా సగం ఇంటికి పోయి చదువుకోండి" అని సంఘంతో అన్నారు.

అక్క వంతు వచ్చింది. గుడ్డ కింద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. నీలం దారం కట్టిన చీటీ తీసింది. ఆమె చదివింది. భయపడొద్దు, నేను నీకు తోడు ఉన్నాను.

వైద్యుడు రాలేదు. నలభై రాస్తే ఒక్కటీ రాలేదు. అక్క చీటీ మళ్లీ చుట్టి, దారం కట్టి, జాకెట్లో పెట్టుకుంది. నా వైపు తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. భయపడొద్దు అని వచ్చింది. అంటే గడ్డకు భయపడొద్దు, డాక్టరు మాటకు భయపడొద్దు, ఇంట్లోనే కూర్చో, నేను చూసుకుంటాను అన్నట్టే కదా. ఆమె అలాగే తీసుకుంటుంది. రాసి ఇచ్చింది నేను. ఆ చల్లని మాటలన్నీ కలిసి నా అక్కను చంపబోతున్నాయని నాకు ఏడుపు వచ్చింది, కోపంతో కలిసిన ఏడుపు. మర్నాడు పొద్దున్నే వెళ్లాను, కాళ్లయినా పట్టుకుందామని.

అక్క మిషను మీద గుడ్డ తీయలేదు. గ్రంథం తెరిచి ఒళ్లో పెట్టుకుని ఉంది. కూర్చోమని కూడా అనలేదు.

"ఎన్ని రాసినావు?" అంది.

నలభై అని చెప్పాను.

"నువ్వు నమ్మకపో మే. నేనేమన్నా బలవంతం చేసినానా ఎప్పుడన్నా? కానీ ఆయన నోట్లో నీ మాట పెట్టబాక."

ఇరవై ఏళ్ల వాదనల్లో ఆమె నాతో గొంతు పెంచలేదు. అప్పుడూ పెంచలేదు. నేను మా అమ్మ సంగతి, తెల్లపూల సంగతి చెప్పబోయి ఆపేశాను. మా అమ్మ మోసం చేసింది వద్దన్న మనిషిని గెలవడానికి. నేను చేసింది నన్ను నమ్మి గ్రంథం చేతిలో పెట్టిన మనిషిని. ఈ తేడా నాకు ఆ గదిలో నిలబడ్డాక తెలిసింది. తప్పయింది అక్కా అన్నాను. నేను ఆ మాట జీవితంలో చాలా తక్కువసార్లు అన్నాను.

ఆమె గ్రంథం మూసింది. "అది నాకు వచ్చుంటే ఏమయ్యుండేదో తెలుసా? సగం మాట నాకు తెలీదా? చూడంగానే నీ పనే అనుకుంటా. నీ పని అనుకున్నాక ఆయన నాకేమీ చెప్పలేదనే గదా అర్థం. అప్పుడు కూచుందును ఇంట్లో."

గ్రంథం మిషను మీద పెట్టి నా వైపు తిరిగింది.

"నలభై రాసినావే. ఒక్కటన్నా రానిచ్చినాడా నా చేతికి?"

ఇంకా వంద ఉన్నాయి కదా అక్కా, అది లెక్క అన్నాను. అంత జరిగినా నా నోరు ఊరుకోదు. ఆమె మొహంలో కొంచెం నవ్వు వచ్చింది. లెక్క నువ్వే పెట్టుకో అన్నట్టు చెయ్యి ఊపింది. తరవాత నా వైపు కాకుండా మిషను వైపు చూస్తూ చెప్పింది.

"మా అమ్మ ఆ ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కి మళ్లా దిగలేదు. నాకు గడ్డంటే భయం లేదుమే. ఆ బల్లంటే భయం. భయమని చెప్పుకోను సిగ్గయి, దేవుడి కోసం ఆగుతుండా అన్నా. ఆయనకు తెలుసు గదా. అందుకే అదే మాట పంపినాడు. ఎప్పుడు పోదాం చెప్పు."

నేను గడప మీద కూర్చున్నాను. నెలరోజులుగా నేను ఆమె నమ్మకంతో పోట్లాడుతున్నాననుకున్నాను. ఆసుపత్రి వరండాలో వాళ్లమ్మ సంగతి చెప్పినప్పుడు రిపోర్టులోంచి తల ఎత్తి ఉంటే సరిపోయేది. ఆ భయం గురించి నేను ఒక్కమాట అడిగిందీ లేదు.

అక్క ఇప్పుడు బాగానే ఉందని ముందే చెప్పేస్తాను, ఉత్కంఠ పెట్టి చదివించడం నాకు ఇష్టం ఉండదు. జాకెట్లు కుడుతోంది. ఆరు నెలలకోసారి నెల్లూరు వెళ్లొస్తాం. ఊళ్లో కూడా ఆ జనవరిలో ఆర్‌ఎంపీ దగ్గర వరస కట్టారు, లడ్లు తినే ఆయన షుగరు అదుపులోకి వచ్చింది, కొత్తపెళ్లికూతురు నిజంగానే నీళ్లోసుకుంది. నా నలభై చీటీలు ఊరికే పోలేదని నేను అంటే, అదీ ఆయన పనే అంటుంది అక్క. చీటీలు ఇప్పటికీ నేనే రాస్తున్నాను. కాకపోతే అక్క పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూసి, తనే దారం కడుతుంది. దేవుడు చీటీలు పంపిస్తాడని నేను ఇప్పటికీ నమ్మను. ఆ మాట ఆమె ముందే అంటాను.

కానీ ఆపరేషన్ రోజు సంగతి ఒకటి ఆమెకు ఇంతవరకు చెప్పలేదు.

లోపలికి తీసుకెళ్లేముందు నర్సు వచ్చి ఒంటి మీద ఏమీ ఉండకూడదంది. అక్క గాజులు, చెవులవి తీసి కూతురికి ఇచ్చింది. చీటీ మాత్రం నా చేతిలో పెట్టి గుప్పిట మూసింది. తలుపు పడింది. కూతురు గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. నాకు ఎవరిని ఏమని అడగాలో తెలియలేదు. మా ఇంటి పటాలన్నీ ఒక్కొక్కటిగా తలుచుకున్నాను, ఏ ఒక్కటీ మనసులో నిలబడలేదు. గంటయింది, రెండయింది. డాక్టరమ్మ చెప్పిన వేళ దాటింది. అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేదు.

గుప్పిట విప్పి నీలం దారం లాగాను. అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఒకచోట సిరా అలుక్కుపోయింది. ఒక ఒత్తు పడనే లేదు. నేను గబగబా గీకి పడేసిన వందలో ఒకటి అది. రాసినట్టు కూడా నాకు గుర్తు లేదు. పిల్లలెవరన్నా అలా రాస్తే మళ్లీ రాసి తెమ్మని నోటుపుస్తకం మొహాన కొట్టేదాన్ని.

భయపడొద్దు, నేను నీకు తోడు ఉన్నాను.

మళ్లీ చదివాను. లోపలి నుంచి నర్సు వచ్చి పేరు పిలిచేదాకా చదువుతూనే ఉన్నాను.